తెలుగులో వచ్చిన అభ్యంతరం

చక్రపాణి బతికున్నంతకాలం రామమోహన్ ఇంటి బేస్‌మెంట్‌లో శనివారపు వాదనలకు రెండు పక్షాలుండేవి. రామమోహన్ తూర్పంటే చక్రపాణి పడమరనేవాడు. ఇద్దరి మధ్యా పకోడీలు చల్లారిపోయేవి, టీ మీద మీగడ కట్టేది, పిల్లలు మెట్ల మీద కూర్చుని నవ్వేవాళ్ళు. చక్రపాణి భార్య జ్ఞానప్రసూన సోఫా చివర కూర్చుని, మొగుడి గొంతు మరీ లేస్తే మోచేత్తో చిన్నగా పొడిచేది. వాదనలో ఆమె పాలు అంతే. ఆరేళ్ళ కిందట చక్రపాణి గుండెపోటుతో పోయాడు. అప్పట్నుంచి షికాగో పక్కనున్న నేపర్‌విల్ తెలుగువాళ్ళ రాజకీయం ఒంటెద్దు బండిలా నడుస్తోంది. రామమోహన్ చెప్తాడు, మిగతావాళ్ళు తలాడిస్తారు. ఆయనక్కూడా అందులో రుచి పోయిందని చూసేవాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది.

ప్రసూనకు పిల్లలు లేరు. పొద్దున్నే ట్రైనెక్కి షికాగోలో ఫెడరల్ పర్యావరణ సంస్థ ప్రాంతీయ ఆఫీసుకు వెళ్తుంది, సాయంత్రం అదే ట్రైన్‌లో తిరిగొస్తుంది. ఎక్కేది మాట్లాడకూడని పెట్టె. ఫోన్ మోగినా అందరూ తలెత్తి చూస్తారు. ఆ పెట్టె ఆమె కోరి ఎంచుకున్నది కాదు, ప్లాట్‌ఫాం మీద ఆమె నిలబడే చోటికి అదొచ్చి ఆగుతుంది. ఆఫీసులో ఆమె పేరు జీపీ. ఇరవై ఆరేళ్ళ కిందట ఎవరికో పూర్తి పేరు నోరు తిరగక మొదలుపెట్టిన పిలుపు, ఇప్పుడు ఆమె తలుపు మీద కూడా అదే ఉంది. ఆమె నోట తెలుగు పలికేది శనివారం ఒక్కరోజు. రామమోహన్ భార్య రాధారాణి గుమ్మంలోంచే "ప్రసూనక్కా, వచ్చావా" అని కేకేస్తే, వారమంతా ఎక్కడో వదిలేసిన మనిషి మళ్ళీ ఒంట్లోకి వచ్చినట్టుండేది. ఆ శనివారాలు కూడా లేకపోతే తను ఏమైపోతుందో ఆమె ఆలోచించదలుచుకోలేదు.

అది ఎన్నికల ఏడు. ప్రెసిడెంట్ పదవికి నిలబడిన ఒక గవర్నర్ గురించి ఊరూవాడా మాట్లాడుకుంటున్నారు. అందరూ ఆయన్ని గవర్నర్ అనే పిలిచేవాళ్ళు కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. తను గెలిస్తే పర్యావరణం మీద వాషింగ్టన్ పెత్తనం తీసేసి రాష్ట్రాలకు అప్పగిస్తానని ఆయన ప్రతి సభలోనూ చెప్తున్నాడు. సెప్టెంబర్ రెండో శనివారం బేస్‌మెంట్‌లో అదే మాట నడిచింది.

"మొదటి రోజే, ఒక్క సంతకం," అన్నాడు రామమోహన్, పకోడీ గాల్లో ఊపుతూ. "గాలి, నీళ్ళు, అన్నీ స్టేట్స్‌కి ఇచ్చేస్తాడు. వాషింగ్టన్‌లో కూర్చున్నవాడికి మన నేపర్‌విల్ గాలి సంగతి ఏం తెలుసండీ?"

తలలన్నీ ఊగాయి. మెట్ల మీద రామమోహన్ కూతురు వేద కూర్చునుంది. పదిహేడేళ్ళది, స్కూల్లో డిబేట్ టీమ్‌లో ఉంది. ఈసారి వాళ్ళకిచ్చిన అంశం కూడా ఇదేనట. ఆ పిల్ల తండ్రిని వదిలేసి నేరుగా ప్రసూన వైపు తిరిగింది.

"ఆంటీ, మీరు అక్కడ వర్క్ చేస్తారు కదా. రియల్లీ అలా చెయ్యొచ్చా? ఒక సైన్, అంతేనా?"

ఆ గదిలో ప్రసూనను ఎవరైనా ఒక ప్రశ్న అడిగి ఎన్నేళ్ళయిందో. పంచదార సరిపోయిందా అని అడిగేవాళ్ళు, రోడ్డు మీద మంచుందా అని అడిగేవాళ్ళు. ఇది అది కాదు. ఆమె ఒకసారి గొంతు సవరించుకుంది.

"ఒక్క సంతకంతో కాదమ్మా. గాలి మీద చట్టం చేసింది కాంగ్రెస్. దాన్ని ప్రెసిడెంట్ రద్దు చెయ్యలేడు. ఆ చట్టం కింద మేం రూల్ రాస్తాం. రాసేముందు జనానికి చూపించాలి, వాళ్ళు ఏమంటారో వినాలి, ముఖ్యమైన ప్రశ్న ఎవరడిగినా జవాబివ్వాలి. రూల్ తీసెయ్యాలన్నా అదే దారి. మళ్ళీ చూపించాలి, మళ్ళీ వినాలి, ఎందుకు తీస్తున్నారో కారణం చెప్పాలి, ఆ కారణం కోర్టులో నిలబడాలి."

"మరైతే ఎలక్షన్స్ ఎందుకండీ?" రామమోహన్ ముందుకు వంగాడు. "మేం ఓటేసినవాడి మాట చెల్లదు, ఎవరూ ఓటెయ్యని ఆఫీసర్లు రాసింది చెల్లుతుంది. ఇదేం న్యాయం?"

"చెల్లదని నేననలేదు. ఆయన చెయ్యగలిగేది చాలా ఉంది. ఇన్‌స్పెక్టర్లని తగ్గించొచ్చు, కేసులు వెయ్యొద్దనొచ్చు, గడువులు జరపొచ్చు, కొందరికి కొన్నాళ్ళు మినహాయింపు ఇవ్వొచ్చు. రూల్ కాగితం మీద ఉంటుంది, వెళ్ళి చూసేవాడు ఉండడు. అది మాత్రం సంతకంతో అవుతుంది."

"ఉండకపోతే స్టేట్ చూసుకుంటుంది."

"పర్మిట్లు ఇప్పుడూ స్టేటే ఇస్తోంది కదండీ. కానీ ఇండియానా పొగ బోర్డర్ దగ్గర ఆగి మన ఇల్లినాయ్‌ని పర్మిషన్ అడగదు. ఇద్దరికీ ఒకే కొలత పెట్టేవాళ్ళు ఎవరో ఒకరుండాలి. లేకపోతే పొగ సంగతి తక్కువ పట్టించుకునే స్టేట్‌కి ఫ్యాక్టరీలన్నీ పోతాయి."

రామమోహన్ మొహం వెలిగిపోయింది. ఆరేళ్ళ తర్వాత దొరికిన ఎదురుమాట మరి. పకోడీ పళ్ళెంలో పడేసి, తొడ చరిచి, "చక్రపాణి దిగొచ్చాడ్రా" అని పెద్దగా నవ్వాడు. అందరూ నవ్వారు. వంటింట్లోంచి రాధారాణి కూడా వచ్చి నిలబడింది. తర్వాత పావుగంట సేపు ఆయన అనడం, ఆమె కాదనడం. ఒకచోట ఆయన మాటే సరైనదని ఆమెకు తోచింది, అయినా ఒప్పుకోలేదు. మొగుడు అన్నేళ్ళు ఎందుకలా గొంతు చించుకునేవాడో ఆమెకు ఆ పూట అర్థమైంది. ఆయన పోయాక ఆమె అంత సంతోషంగా ఉన్నది అదే మొదటిసారి.

ఆ సంతోషంలోనే జితేందర్ మాట పడింది. ఆ కుర్రాడిది కరీంనగర్. హెచ్-వన్ వీసా మీద వచ్చి మూడేళ్ళయింది, మెడికల్ సామాన్లు తయారుచేసే కంపెనీలో ఏదో ఇంజినీరని మాత్రం ఆమెకు తెలుసు. భార్య నమ్రతకు ఏడో నెల.

"ఆంటీ, సిరంజీలు, స్టెంట్లు స్టెరిలైజ్ చేసే గ్యాస్ మీద ఒక రూల్ వస్తున్నది కదా. మా ప్లాంట్ దాని కిందికే వస్తది. అది వస్తే మూసేస్తమని మా మేనేజర్ అంటున్నడు. గవర్నర్ గెలిస్తే ఆ రూల్ పోతదా?"

ప్రసూన టీ కప్పు కింద పెట్టింది. "దాని గురించి నేను మాట్లాడకూడదు బాబూ."

"ఎందుకాంటీ?"

"ఆ రూల్ మీద జనం రాసే ఉత్తరాలు చదివేవాళ్ళలో నేనూ ఉన్నాను."

రామమోహన్ నవ్వుతూనే, "అంటే మన జితేందర్ జాబ్ మీ చేతిలో ఉందన్నమాట" అన్నాడు. ఉద్యోగం పోతే హెచ్-వన్ మనిషికి ఈ దేశంలో మిగిలేది అరవై రోజులేనని ఆ గదిలో అందరికీ తెలుసు. వాళ్ళలో సగం మంది ఆ అరవై రోజుల భయంతోనే గ్రీన్ కార్డు దాకా వచ్చినవాళ్ళు. "నా చేతిలో ఏం లేదండీ, చదివి వరసలో పెడతానంతే" అంది ప్రసూన. అది నిజమే, కానీ ఆ మాట ఆమె చెవికే పేలవంగా వినిపించింది.

సోమవారం ఆమె తన సూపర్‌వైజర్‌కు సంగతి చెప్పింది. తనకు తెలిసిన కుర్రాడొకడు ఆ రూల్ కిందికొచ్చే ప్లాంట్‌లో పనిచేస్తున్నాడని. ఆ పెద్దావిడ రాసుకుని, అతని ఉత్తరం ఎదురైతే వెంటనే తన దగ్గరికి తెమ్మంది.

బుధవారం రాధారాణి ఫోన్ చేసింది. "అక్కా, వేదకి కాలేజ్ అప్లికేషన్స్ నడుస్తున్నాయి, ఇల్లంతా గోలగా ఉంది. నవంబర్ దాకా శనివారాలు ఆపేద్దాం అనుకుంటున్నాం. నువ్వేం అనుకోకు."

"అనుకోడానికేముంది, పిల్ల చదువు ముఖ్యం" అంది ప్రసూన. నిజంగానే ఏమీ అనుకోలేదు.

మొదటి శనివారం ఆమె ఫ్రిజ్ కడిగింది. రెండో శనివారం చక్రపాణి చొక్కాలు తీసి, ఎవరికైనా ఇద్దామని మడిచి, మళ్ళీ అరలోనే పెట్టింది. మూడో శనివారం పటేల్ గారి కొట్టుకు వెళ్ళి, అక్కర్లేని చింతపండు కొని, డబ్బు తీసుకునే అమ్మాయితో వాతావరణం గురించి కావాలని నాలుగు మాటలు పొడిగించింది. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. నాలుగో శనివారం ఆమె ఒక పిచ్చి పని చేసింది. సాయంత్రం ఆరింటికి చీర కట్టుకుని హాల్లో కూర్చుంది. ఎక్కడికీ వెళ్ళేది లేదు. ఏడున్నరకు మళ్ళీ మార్చుకుంది. ఒంటరితనం ఎవరికీ కనపడకూడదని మనుషులు ఎన్ని వేషాలైనా వేస్తారు గానీ, చూసేవాళ్ళే లేనప్పుడు కూడా వేస్తారని ఆమెకు అప్పుడే తెలిసింది.

పగలు మాత్రం ఉత్తరాలు ఉండేవి. వాషింగ్టన్ వాళ్ళు రాస్తున్న ఆ రూల్‌కు దేశమంతటి నుంచీ వేలకు వేలు వచ్చి పడుతున్నాయి. వాటిని చదవడానికి ఒక పద్ధతుంది. ఎవరో రాసిపెట్టింది నలుగురూ నకలు తీసి పంపితే, కంప్యూటర్ వాటిని పోల్చి ఒక కట్ట కడుతుంది. కట్టలో వెయ్యి ఉన్నా చదివేది ఒక్కటే, దానికిచ్చే జవాబూ ఒక్కటే. సొంతంగా రాసింది మాత్రం విడిగా చదవాలి, అందులో పసున్న ప్రశ్న ఉంటే దానికి రాతపూర్వకంగా జవాబివ్వాలి. అడిగినవాడు డాక్టరా, డ్రైవరా అనేది లెక్కలోకి రాదు. ప్రసూనకు ఈ పని ఇష్టం. అడిగితే చాలు, జవాబు వచ్చితీరుతుందనే చోటు లోకంలో మరొకటి ఆమెకు తెలియదు.

అక్టోబర్ మూడో వారంలో, మంగళవారం, ఆమె స్క్రీన్ మీదికి ఒక కాగితం వచ్చింది. పంపినవాళ్ళ పేరు లేదు, నంబర్ మాత్రమే ఉంది. పైన ఒక గమనిక: నలభై మూడు ఉత్తరాల కట్టలోది, ఇంగ్లీష్ కాని అక్షరాలున్నాయి, అవి అక్కర్లేనివైతే కట్టలో వదిలెయ్యొచ్చు. ఉద్యోగంలో చేరిన రోజు తనకు వచ్చిన భాషల గడిలో ఆమె తెలుగు అని రాసింది. ఇరవై ఆరేళ్ళలో ఆ గడితో ఎవరికీ పని పడలేదు. తెలుగు అక్షరాలు కనపడగానే ఆమెకు ఆఫీసులో ఎవరో చుట్టాలొచ్చినట్టు అనిపించి, కుర్చీ ముందుకు లాక్కుంది.

"అందరికీ నమస్తే. కింద ఇంగ్లీష్‌లో ఉన్నది కాపీ చేసి, మీ పేరూ ఊరూ మార్చి, ఆ వెబ్‌సైట్‌లో పేస్ట్ చెయ్యండి. మన జితేందర్ జాబ్ కోసం. ప్రసూనక్క ఆ ఆఫీస్‌లోనే చేస్తుంది కాబట్టి ఈ గ్రూప్‌లో యాడ్ చెయ్యలేదు. శనివారాలు ఆపేశామని చెప్పాను. ఎవరూ నోరు జారకండి. ఈ వారం జితేందర్ వాళ్ళింట్లో, ఆరింటికి. గుత్తి వంకాయ నేను తెస్తున్నా. రాధ."

సంగతి తేలికే. రాధారాణి వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌ని నలభై రెండు మంది పైన నాలుగు ముక్కలు వదిలేసి, ఇంగ్లీష్ ఉత్తరం వరకే నకలు తీసుకున్నారు. ఒకరు మాత్రం ఫోన్‌లో మొత్తం నొక్కి పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు అమెరికా ప్రభుత్వానికి పంపేశారు.

ప్రసూన రెండోసారి చదవలేదు, అక్కర్లేకపోయింది. నాలుగు శనివారాలు వరసగా కళ్ళముందుకొచ్చాయి. ఫ్రిజ్, చొక్కాలు, చింతపండు, చీర. ఆ ఆరింటికే వాళ్ళందరూ చెప్పులు విప్పుకుని ఎవరింట్లోనో కూర్చున్నారు. గుత్తి వంకాయ దగ్గరే ఆమెకు ఏడుపొచ్చింది. ఉద్యోగం కోసం దాచారంటే దాచారు, కానీ కూర గురించి అంత మామూలుగా ఎలా రాయగలిగింది? ఆమె లేచి బాత్రూంకు వెళ్ళి, మొహం కడుక్కుని వచ్చింది.

ఇంగ్లీష్ ఉత్తరం మిగతా నలభై రెండింట్లో ఉన్నదే. ఈ రూల్ వద్దు, వాషింగ్టన్‌కు ఈ అధికారం వద్దు, రాష్ట్రానికి వదిలెయ్యండి. రామమోహన్ గొంతు అందులో స్పష్టంగా వినిపించింది. అయితే దాని కింద, కంప్యూటర్ లెక్కలోకి తీసుకోని నాలుగైదు వాక్యాలు వేరేగా ఉన్నాయి. పంపినవాడు సొంతంగా రాసుకున్నవి.

గ్యాస్ బయటికి పోకుండా పట్టే యంత్రాలకు పద్దెనిమిది నెలలు గడువిచ్చారు. తయారుచేసేవాళ్ళు ఇరవై ఆరు నెలలంటున్నారు. ప్లాంట్‌లో స్టెరిలైజ్ చేసే గదులు మూడున్నాయి. ఒక్కో గదికి విడిగా గడువు పెడితే మూసే పనుండదు. ఇది ఎవరైనా ఆలోచించారా? నేను ఆ గ్యాస్‌ను కొలిచే ఉద్యోగమే చేస్తాను. నా ఇల్లు ప్లాంట్‌కు మైలు దూరంలో ఉంది. నా భార్యకు ఎనిమిదో నెల. నాకు ఉద్యోగమూ ఉండాలి, ఆ గ్యాస్ మా ఇంటి మీదికి రానూ కూడదు. రెండూ కోరుకోవడం తప్పా?

పేరు లేకపోయినా రాసింది ఎవరో తెలిసిపోయింది. నలభై మూడింట్లో ఇదొక్కటే ఉత్తరం. మిగతావి కాగితాలు. ఆ ప్రశ్నను తను విడిగా తీస్తే జవాబివ్వక తప్పదు. తీయకపోతే కట్టలో పోతుంది.

కట్టలో వదిలెయ్యడానికి ఒక మీట నొక్కితే సరిపోయేది. తెలుగు ముక్కలు అక్కర్లేనివని రాస్తే, కాదనే మనిషి ఆ అంతస్తులో లేదు. తన స్నేహితులు తనను ఎలా తప్పించుకు తిరుగుతున్నారో ఎవరికీ తెలియదు. నవంబర్ వస్తుంది, రాధారాణి ఫోన్ చేస్తుంది, ఏమీ ఎరగనట్టు వెళ్ళి సోఫా చివర కూర్చోవచ్చు. ఆమెకు అది కావాలి. సిగ్గు లేకుండా, చాలా గట్టిగా కావాలి. భోజనం వేళ దాటేదాకా ఆ మీట వైపు చూస్తూ కూర్చుంది. జితేందర్ ఒక్కడూ ఆ గుంపులోంచి బయటికొచ్చి, సరైన చోట, సరైన ప్రశ్న అడిగాడు. దాన్ని నొక్కేస్తే తను ఇరవై ఆరేళ్ళు చేసిందంతా దేనికి?

రెండున్నరకు ఆమె కాగితం తీసుకుని సూపర్‌వైజర్ గదికి వెళ్ళింది. ఇది అతనిదేననుకుంటున్నాను, పైనున్నది మా భాష అని చెప్పింది. ఆ పెద్దావిడ వెంటనే అనువాదం చేయమంది. బయటివాళ్ళ చేత ఒకసారి సరిచూపిస్తానని, ఆ తర్వాత ఈ రూల్ పని ఆమెకు ఉండదని అంది. అది శిక్ష కాదు, నియమం. ప్రసూన అక్కడే కూర్చుని ఇంగ్లీష్‌లోకి రాసింది. గుత్తి వంకాయతో సహా.

ఆవిడ చదివి, కళ్ళజోడు తీసింది. "ఈ ప్రసూన ఎవరో తెలుసా?"

"నేనే."

జీపీ అన్న పేరు వెనక ఏముందో ఆవిడకు ఇన్నేళ్ళూ తెలియదు. పేరు మీద నల్లగీత పెట్టొచ్చని, వ్యక్తిగత వివరాల కింద అది మామూలేనని మెల్లగా చెప్పింది. ప్రసూన సరేనంది. తెలుగులో ఒకచోట, ఇంగ్లీష్‌లో ఒకచోట ఆమె పేరు నల్లబడింది. వారం తిరక్కుండా ఆ ఉత్తరం అందరికీ కనపడేలా వెబ్‌సైట్‌కి ఎక్కింది. పసున్న ప్రశ్న, జవాబివ్వాలి అన్న గుర్తుతో.

దాన్ని ముందు చూసింది వేద. డిబేట్ కోసం ఆ ఉత్తరాలన్నీ తిరగేస్తోందట. గురువారం సాయంత్రం, ఇంకా చీకటి పడకముందే, రాధారాణి ఫోన్ వచ్చింది.

"అక్కా, నువ్వు చదివావా?"

"చదివాను. దాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చింది కూడా నేనే."

"అయ్యో," అంది రాధారాణి. "నీ కోసం కూడానే అక్కా. నీకు తెలిస్తే అక్కడ చెప్పాల్సొస్తుంది, చెప్పకపోతే నీ జాబ్‌కి ప్రాబ్లం. మధ్యలో నలిగిపోతావని. మా ఆయన దాచొద్దన్నారు, నేనే అలా చేద్దామన్నాను."

"తెలుసు రాధా. నువ్వు చెడ్డదానివని నేననుకోలేదు."

"ఆ పై ముక్క తీసెయ్యాల్సింది కదా. ఎవరికి తెలిసేది?"

"అది తీసి పక్కన పడేస్తే కింద ఆ పిల్లాడు అడిగిందీ పోయేది." ప్రసూనకు ఇన్నాళ్ళూ తనలో తను అనుకున్న మాటలు వరసగా రావడం లేదు. "నువ్వు నాకు చెప్పాల్సింది, రాధా. అక్కా, కొన్నాళ్ళు రాకు, మేం ఇలా రాస్తున్నాం, నీకు ఇబ్బంది అని ఒక్క మాటంటే నేనే రాకుండా ఉండేదాన్ని. ఇంట్లోనే కూర్చునేదాన్ని. అప్పుడు నేను కూడా మీలో ఒకదాన్నే అయ్యేదాన్ని కదా."

రాధారాణి ఏడుస్తోంది. ఏడుస్తూనే, ఈ శనివారం మా ఇంటికే రమ్మంది. రాకపోతే నా మీద ఒట్టే అంది. జితేందర్ కూడా వస్తాడట, మొహం చూపించలేక చస్తున్నాడట. ప్రసూన వస్తానంది. ఫోన్ పెట్టేశాక తనకే ఆశ్చర్యమేసింది. ఇంకాస్త నిష్ఠూరమాడకుండా అంత త్వరగా ఒప్పుకోవాల్సింది కాదేమో. కానీ ఒప్పుకోకపోతే ఎక్కడికి వెళ్తుంది?

శనివారం ఆమె వెళ్ళేసరికి రామమోహనే గుమ్మంలోకి ఎదురొచ్చి కోటు అందుకున్నాడు. మెట్లు దిగుతుంటే కిందనుంచి గవర్నర్ పేరు వినిపించింది, ఆమె పాదం ఆఖరి మెట్టు మీద పడగానే ఆగిపోయింది. ఎవరో వాతావరణం ఎత్తుకున్నారు. ఈసారి మంచు త్వరగా పడుతుందని అందరూ ఒప్పుకున్నారు. జితేందర్ లేచి నిలబడి, "ఆంటీ, సారీ" అని అంతకుమించి చెప్పలేక చేతులు నలుపుకున్నాడు. "నీ ప్రశ్నకి జవాబు వస్తుంది బాబూ. నేను రాయను, వేరేవాళ్ళు రాస్తారు. ఏమని వస్తుందో మాత్రం నాకు తెలీదు" అంది ప్రసూన. అతను తలూపాడు. నమ్రత పక్కకు జరిగి చోటిచ్చింది. రాధారాణి ప్లేట్ నింపి ముందు ఆమెకే తెచ్చిచ్చింది.

ప్రసూన కాసేపు చూసింది. ఎలక్షన్లు పది రోజుల్లో ఉన్నాయి. దేశమంతా తలలు బద్దలు కొట్టుకుంటోంది. ఈ బేస్‌మెంట్‌లో మాత్రం మంచు తప్ప మాటే లేదు. ఆమె రామమోహన్ వైపు తిరిగింది.

"ఆపేశారేంటండీ? గవర్నర్ గురించి ఏదో అంటున్నారు."

"అబ్బే, ఏముందండీ. ఊరికే కాలక్షేపం."

"మొన్న నేనొకటి అన్నాను కదా, ఇద్దరికీ ఒకే కొలత పెట్టేవాళ్ళు ఉండాలని. దానికి మీ జవాబు ఇంకా రాలేదు."

"మీరన్నది కరెక్టేనండీ," అన్నాడు రామమోహన్. "ఆలోచిస్తే నాకూ అలాగే అనిపించింది."

ఆమె ప్లేట్ ఒళ్ళో పెట్టుకుని, తను ఎన్నడూ నమ్మని మాట కావాలనే అంది. "నాకిప్పుడు వేరేగా అనిపిస్తోంది. గవర్నర్ చెప్పిందే నిజమేమో. మా ఆఫీసు మూసేసి అంతా స్టేట్స్‌కి ఇచ్చేస్తే పీడా పోతుంది."

వేద తండ్రి మొహంలోకి చూసింది. ఆ ఒక్క మాట చాలు, పాత రామమోహన్ అయితే లేచి నిలబడి, ఇరవై ఆరేళ్ళు జీతం తీసుకుని ఇప్పుడా తెలిసింది అని పైకప్పు ఎగిరిపోయేలా నవ్వేవాడు. ఆయన కళ్ళు ఒకసారి చక్రపాణి కూర్చునే వైపు వెళ్ళి, కిందికి వాలిపోయాయి.

"అదీ నిజమేనండీ," అన్నాడు ఎంతో మర్యాదగా. "మీకు తెలిసినంత మాకేం తెలుస్తుంది? మీరు తినండి, చల్లారిపోతుంది."

ప్రసూన తలవంచుకుని తినసాగింది. చక్రపాణిని సాగనంపి వచ్చిన రోజు కూడా ఈ ఇంట్లో ఆమెకు ఇంత ఒంటరిగా అనిపించలేదు.